చవుక పానాలు: నమ్మదగినవేవి?



దశరథ మహారాజు యుద్ధము చేయుచుండగా రథచక్రపు చీల ఊడిపోయెననియు, అప్పుడు కైక తన వ్రేలినే చీలగా నిలిపి రథము కూలకుండ గాచెననియు ఒక కథ మన యిండ్లలో పెద్దలు చెప్పుచుందురు. ఆమె సాహసమును మెచ్చనివారు లేరు. కాని ఆ రథమున మంచి చీల యొకటి అదనముగా నుండినచో ఆ వ్రేలికి బాధ తప్పియుండెడిది గదా యని మాకు తోచుచుండును. నేడు మనలో ననేకులు కారు నడుపుచున్నారు. పిల్లలను బడికి దింపుట, అత్తమామలను వైద్యుని యొద్దకు గొనిపోవుట మొదలగు పనులు మన చేతిమీదుగనే జరుగుచున్నవి. ఊరి వెలుపల టైరు గాలి పోయినపుడు, తెల్లవారుజామున బండి కదలనపుడు, మన ధైర్యమంతయు డిక్కీలోని పనిముట్లపై నాధారపడును. గావున వానిలో నేది నమ్మదగినదో, ఏది కాదో తెలిసియుండుట మనకు వంటపాత్రల గుణమెరుగుటవలెనే యావశ్యకము.

ఇప్పుడు బజారులోను, ఆన్‌లైను అంగళ్లలోను ఇట్టి సామానునకు కొదువ లేదు. నలుబది తునుకలు గల సాకెట్ల పెట్టె తళతళ మెరయుచు కొన్ని వందల రూపాయలకే వచ్చుచున్నది. "ఇంత చవుకగా వచ్చుచుండగా విడుచుటెందులకు?" అని కొందరందురు. "చవుకదంతయు చెత్తయే" యని మరికొందరందురు. ఈ రెండు మాటలును పూర్తిగా సరియైనవి కావు. పనిముట్టు వెలను జూచి గాక, "ఇది చెడిపోయిననాడు మనకు పోవునదేమి?" యని ప్రశ్నించుకొని కొనవలయునని మా యభిప్రాయము. పోవునది కాలమా, బండియా, ప్రాణమా? ఈ మూటిని బట్టి మన పెట్టెను సమకూర్చుకొన్నచో ధనమును వృథా కాదు, ఆపదయు రాదు.

కాలము మాత్రమే చెడునవి

నూనె పోయు గరాటు, పాతనూనె పట్టు పళ్లెము, దుమ్ము దులుపు బ్రష్షు, చేతితొడుగులు, మోకాళ్లక్రింద పరచుకొను పట్ట, ఊడదీసిన మరలను వేసికొను గిన్నె: ఇవి యెంత చవుకవైనను చాలును. గరాటు పగిలిన మరియొకటి తెచ్చుకొందుము. ఇంటిలో పాతబడిన స్టీలుగిన్నె కూడ ఈ పనికి వచ్చును. వీనికై పేరొందిన కంపెనీల వెంట పడనక్కరలేదు. ఇక్కడ మిగిల్చిన పైకమును ముందు చెప్పబోవు వస్తువులకు దాచియుంచుట గృహిణి లక్షణము.

బండిని చెరచునవి

పానాలు, సాకెట్లు, స్క్రూడ్రైవర్లు ఈ తరగతిలోనివి. మా యింట జరిగిన ముచ్చట యొకటి చెప్పెదము. మా యింటివారు తిరునాళ్లలో ఒక అంగడివాని యొద్ద 600 రూపాయలకు సాకెట్ల పెట్టె కొనితెచ్చిరి. రెండు నెలలు చిన్నచిన్న మరలకు అది బాగుగనే పనిచేసెను. ఒకనాడు చక్రపు నట్టునకు తగిలించి త్రిప్పగా సాకెట్టు నోరు పగిలెను. అది మాత్రమే పోయినచో చింతలేదు. జారిన సాకెట్టు నట్టు ఆరు మూలలను అరగదీసి గుండ్రముగా జేసెను. మెకానిక్కు వచ్చి ఆ నట్టును కోసి తీసి, క్రొత్త బోల్టు వేసి, 900 రూపాయలు పుచ్చుకొనెను. చవుక పనిముట్టు తాను చెడుటయే గాక తాకినదానిని గూడ చెరచుననుట కిదియే నిదర్శనము.

దీనికి కారణము తెలిసికొనుట మంచిది. పానా బలము మెరుగులో లేదు, ఉక్కులోను, ఆ యుక్కును కాల్చి చల్లార్చి పదును పెట్టిన విధానములోను ఉన్నది. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున పూర్వము చేయబడిన యుక్కు కత్తులకై దూరదేశములకు పోయెడిది. ఆ ఖ్యాతి లోహమును కాచి తీర్చిన నేర్పు వలన వచ్చినది. మంచి పానాలను క్రోమియము, వెనేడియము కలిసిన ఉక్కుతో చేయుదురు. మెత్తని యినుముపై క్రోము పూత పూసినను చూపునకు రెండును ఒక్కటిగనే యుండును. కాని బలము పడినప్పుడు మెత్తనిదాని నోరు వెడల్పగును, పదును మితిమీరినది పుటుక్కున విరుగును. పూత పెచ్చులూడినచో బ్లేడువలె చేతిని కోయును.

సాకెట్లలో లోపల ఆరు మూలలున్నవి, పండ్రెండు మూలలున్నవి యని రెండు రకములు కలవు. ఇరుకు తావులలో పండ్రెండు మూలలది తగిలించుటకు సులభమే. కాని గట్టిగా బిగిసిన నట్టునకు ఆరు మూలలదే మేలు. అది నట్టు ముఖములను నిండుగా పట్టును. కొలత కూడ సరిగా నుండవలెను. చిన్న కారుల చక్రపు నట్టులకు సాధారణముగా 17, 19 లేక 21 మిల్లీమీటర్ల పానా పట్టును. మీ బండికేది పట్టునో చూచుకొని ఆ యొక్కదానిని మంచిదానిగా కొనుడు. ఎన్నడును వాడని నలుబది తునుకలకంటె, దినమును పనికివచ్చు ఐదు తునుకలు మేలుగదా!

"చక్రపు నట్టు విప్పుటకు మగవారి బలము కావలెను" అను మాటను మనము తరచుగా వినుచుందుము. ఇది బలమునకు సంబంధించినదికాదు, పిడి పొడవునకు సంబంధించినది. ఒక మీటరు పొడవు గల పిడి కొనను 10 కిలోల బరువు వేసిన కలుగు మెలిబలము ఇంచుమించు 100 న్యూటన్ మీటర్లు. చిన్న కారుల చక్రపు నట్టులను పెక్కింటిని 80 మొదలు 110 న్యూటన్ మీటర్ల వరకు బిగింతురు. 20 సెంటీమీటర్ల పిడితో ఆ బలము రావలెనన్న 50 కిలోల బరువు మోపవలెను. 40 సెంటీమీటర్ల పిడితోనైన 25 కిలోలు చాలును. బియ్యపు మూటను కదల్చగల యిల్లాలికి ఇది అసాధ్యము కాదు. కాబట్టి బండితో వచ్చిన పొట్టి పానాకు తోడుగా పొడవుపిడి గలది, మంచి ఉక్కుది, ఒకటి కొనియుంచుకొనుడు. చవుక పానాకు గొట్టము తొడిగి పొడవు చేయుట మాత్రము కూడదు. అది విరిగినచో చేయియు, మోకాలును దెబ్బతినును.

అబద్ధమాడునవి

కొలుచు పనిముట్లు విరుగకయే మోసము చేయును. టైరులో గాలి కొలుచు మీటరు తప్పు చూపినను దాని ముఖము నిశ్చింతగనే యుండును. మన యింటి గడియారము ఎల్లప్పుడును పది నిమిషములు ముందున్నచో మనకు చిక్కు లేదు. ఆ పదిని తీసివేసి చూచుకొందుము. ఒకనాడు ముందు, ఒకనాడు వెనుక నడచు గడియారమే పనికిరానిది. గాలి మీటరును అంతే. దానితో ఒకే టైరును వెంటవెంట మూడు మారులు కొలువుడు. మూడు మారులు ఒకే యంకె వచ్చినచో, పెట్రోలు బంకులోని మంచి మీటరుతో పోల్చి తేడా తెలిసికొని వాడుకొనవచ్చును. మూడు అంకెలు మూడు విధములుగా వచ్చినచో పారవేయుడు. బండి నడచి టైర్లు వేడెక్కిన పిమ్మట గాలి యెక్కువ చూపును గనుక ఉదయమున చల్లని టైరునే కొలువవలెను.

విద్యుత్తు కొలుచు మల్టీమీటరు విషయములో మాత్రము చవుకది కూడ మనకు చాలవరకు అక్కరకు వచ్చును. నిండుగా నున్న కారు బ్యాటరీ ఇంజను ఆపి కొంతసేపైన పిదప 12.6 వోల్టుల ప్రాంతమున చూపును. ఇంజను నడచునపుడు సాధారణముగా 13.8 మొదలు 14.4 వరకు చూపును. 12 కంటె తక్కువ చూపినచో బ్యాటరీ వట్టిపోయినదని గ్రహింపవచ్చును. ఈ తేడాను కనిపెట్టుటకు వేలకొలది రూపాయల మీటరు అవసరము లేదు. కాని కారు బ్యాటరీని చూచు చవుక మీటరును ఇంటి గోడలోని కరెంటు ప్లగ్గులో పెట్టరాదు. అచ్చట బలహీనమైన తీగతొడుగు ప్రాణాపాయము తెచ్చును.

ప్రాణముతో ముడిపడినవి

జాకీ, జాకీ స్టాండు, బ్యాటరీల నడుమ కలుపు జంపరు తీగలు: వీని యొద్ద బేరమాడవలదు.

డిక్కీలోని జాకీ చక్రము మార్చుటకు మాత్రమే యుద్దేశింపబడినది. దానిపై బండిని నిలిపి క్రిందికి దూరరాదు, చేయి కూడ చాపరాదు. ద్రవముతో పనిచేయు హైడ్రాలిక్ జాకీలోని రబ్బరు బిళ్లలు అరిగినచో బండి మెల్లమెల్లగా దిగును, లేదా ఒక్కసారిగా పడును. ఇది మేలైన జాకీకి గూడ కలుగు లక్షణమే. అందుచేతనే క్రింద పనిచేయువారు జాకీతో ఎత్తి, తగిన బరువు మోయు స్టాండులపై దింపి, అటుపిమ్మట పనికి దిగుదురు.

ఆ స్టాండులును నమ్మదగినవై యుండవలెను. అమెరికాలో కారు పనులు స్వయముగా చేసికొనువారు మెండు. మన తెలుగు కుటుంబములు కూడ ఆ దేశమున చాల గలవు. అచ్చట చవుక పనిముట్లకు పేరొందిన హార్బర్ ఫ్రైట్ అను సంస్థ 2020వ సంవత్సరమున తాను విక్రయించిన స్టాండులను పది లక్షలకు పైగా వెనుకకు పిలిచెను. స్టాండు కాడకు పండ్లుండును. వానిలో ఒక కొక్కెము కూర్చుండి బరువును నిలుపును. తయారుచేయు అచ్చులు అరిగిపోవుటచే కొన్నింటిలో కొక్కెము పండ్ల లోతునకు చేరకుండెను. అట్టి స్టాండు కొంచెము కదలినను బండితో సహా దిగిపోవచ్చును. వానికి బదులిచ్చిన స్టాండులలో కొన్నింటిని గూడ అతుకుల లోపము కనబడుటచే ఆ సంవత్సరముననే మరల వెనుకకు పిలువవలసి వచ్చెను. లోపమును ఆ సంస్థయే ప్రకటించినది, అది న్యాయము. కాని మన బజారులో పేరు, ఊరు లేక అమ్మబడు స్టాండులో లోపమున్నచో వెనుకకు పిలుచువారెవరు? ఈ యొక్క వస్తువు కొననక్కరయే లేదందుము. కారు క్రిందికి దూరవలసిన పనిని షెడ్డునకు వదలి, చక్రము మార్చుట వరకు మనము నేర్చుకొన్న చాలును.

చక్రము మార్చునపుడును క్రమము తప్పరాదు. బండిని చదునైన గట్టినేలపై నిలిపి, చేతిబ్రేకు వేసి, ఎదురు మూలనున్న చక్రమునకు రాయి అడ్డుపెట్టవలెను. చక్రము నేలపై నుండగనే నట్టులను కొంచెము వదులుచేసి, పిదప ఎత్తవలెను. వానకు నానిన నల్లరేగడిలోను, ఎండకు కరగిన తారురోడ్డుపైనను జాకీ దిగబడును గనుక దళసరి చెక్క యొకటి డిక్కీలో ఉండవలెను. ఊడదీసిన చక్రమును బండి ప్రక్క అంచు క్రింద పరుండబెట్టినచో, జాకీ జారినను బండి దానిపై నిలుచును. నట్టులను ఎదురెదురుగా బిగించి, బండి దించిన పిమ్మట మరియొకమారు గట్టిచేసి, 50 మొదలు 100 కిలోమీటర్లు నడచిన తరువాత మరల చూచుకొనుడు.

చవుక జంపరు తీగలలో మోసమంతయు తొడుగులో నుండును. పైకి బొటనవ్రేలంత లావు, లోపల పురికొసంత తీగ. అదియు రాగి గాక, రాగిపూత పూసిన అల్యూమినియమై యుండవచ్చును. ఇంజను త్రిప్పుటకు కావలసిన విద్యుత్తు వందల యాంపియర్లు గనుక సన్నని తీగ వేడెక్కి తొడుగు కరుగును. తీగ లోపలి మందము తెలుపని అంగడిలో కొనకుడు.

బ్యాటరీ కడకు పోవునపుడు మనకు ప్రత్యేకముగా ఒక జాగ్రత్త కలదు. చేతిలోని పానాయే కాదు, బంగారుగాజులు, ఉంగరములు, వ్రేలాడు మంగళసూత్రము కూడ విద్యుత్తునకు దారియగును. పాజిటివ్ మొననుండి బండి యినుమునకు ఉంగరము తగిలినచో క్షణములో నిప్పువలె కాలును. గాజులు, ఉంగరములు తీసి, సూత్రమును రవిక లోపలికి దోపుకొని, కొంగు నడుమునకు బిగించి పనికి దిగుడు. ముందుగా నెగిటివ్ తీగను విప్పి, తగిలించునప్పుడు దానినే చివర తగిలింపవలెను. ఇంజను ఆగియున్నను వేడిగా నున్నచో రేడియేటరు పంకా తనంతట తాను తిరుగవచ్చును. కొంగును, జడను ఆ దరికి పోనీయరాదు.

కొనునప్పుడు

బంగారునగపై హాల్‌మార్కును, ఆరక్షరముల సంఖ్యను జూచి కొనుట మన కలవాటైనది. ఆ ముద్రను నిర్వహించు భారతీయ మానక సంస్థయే పనిముట్లకును ప్రమాణములు నిర్ణయించినది. నోరు తెరచిన పానాలకు ఐ.ఎస్. 2028, రింగు పానాలకు ఐ.ఎస్. 2029 అను ప్రమాణములు కలవు. ఐ.ఎస్.ఐ. ముద్రపైన ఈ యంకెయు, క్రింద లైసెన్సు సంఖ్యయు ఉండవలెను. ఆ సంఖ్యను బి.ఐ.ఎస్. కేర్ అను ఫోను యాప్‌లో వేసి చూచినచో అది నిజమో కాదో తెలియును. పంజాబులోని జాలంధరు, లూథియానా పట్టణములు పానాలకు ప్రసిద్ధములు. అచ్చటినుండి విదేశములకు గూడ పోవుచున్నవి. గావున మంచిది కావలెనన్న పరదేశపు వస్తువే కొనవలెనను నియమము లేదు.

అంగడిలో పానాను చేతబట్టి చూడుడు. కొలత అంకె స్పష్టముగా లోతుగా చెక్కియుండవలెను. నోటి అంచులు సమముగా నుండవలెను. క్రొత్త నట్టునకు తగిలించి కదల్చినచో లొడలొడలాడరాదు. పూతలో బుడిపెలు, పగుళ్లు ఉండరాదు.

చివరగా ఒక పని చేయుడు. ఈ యాదివారము పగటి వెలుతురున మీ డిక్కీని తెరచి చూడుడు. 2020 తరువాత వచ్చిన కొన్ని బండ్లలో స్టెప్నీకి బదులు పంక్చరు మరమ్మతు సామాను మాత్రమే యిచ్చుచున్నారు. మీ దానిలో నేమున్నదో తెలిసికొనుడు. స్టెప్నీ యున్నచో దానిలో గాలి యున్నదో లేదో కొలువుడు. మంచి పానాతో ఒక నట్టును స్వయముగా వదులుచేసి, మరల బిగించి చూడుడు. ఇంటి ముంగిట ఒకమారు కదలిన నట్టు చీకటిదారిలో మనలను భయపెట్టజాలదు. కూతుళ్లను గూడ దగ్గర నిలుపుకొనుడు. వారికి ఆ పానాను పట్టనిండు.