ఎర్ర దయ్యం ఆకలి

మెక్సికో దేశంలో, కాలిఫోర్నియా సింధుశాఖ ఒడ్డున, శాంతా రోసాలియా అనే చిన్న పట్టణం వున్నది. అక్కడి జాలర్లు రాత్రివేళ పడవల్లో దీపాలు పెట్టుకుని వేటకు వెళ్ళేవారు. వారి గాలాలకు చిక్కేది చేప కాదు, ఆక్టోపస్‌కు దగ్గర చుట్టమైన హంబోల్ట్ స్క్విడ్. రెచ్చిపోయినప్పుడు దాని ఒళ్ళు ఒక క్షణం ఎర్రగా, మరుక్షణం తెల్లగా మారుతుంది. అందుకే జాలర్లు దానికి ‘ఎర్ర దయ్యం’ అని పేరు పెట్టారు.

రూపం కూడా పేరుకు తగినట్టే వుంటుంది. చేతులు కాక, మొండెమే ఒకటిన్నర మీటర్ల వరకూ పెరుగుతుంది. బరువు 50 కిలోల దాకా తూగవచ్చు. ఎనిమిది చేతులు చాలవన్నట్టు, ఎరను అందుకోవడానికి మరో రెండు పొడుగాటి చేతులు! వాటి నిండా పట్టు బిళ్ళలు, ఒక్కొక్క బిళ్ళ అంచున సన్నని పళ్ళు. చిక్కిన ఎరను చిలకముక్కువంటి నోటితో చిన్నచిన్న ముక్కలుగా కొరుకుతుంది. అలా కొరకక తప్పదు మరి! దాని ఆహారనాళం మెదడు మధ్యగా పోతుంది. పెద్ద ముద్ద మింగితే మెదడుకే ముప్పు.

ఇంతటి రాక్షసి తినేదేమిటి? శాస్త్రజ్ఞులు పొట్టలు కోసి చూశారు. ఆ సింధుశాఖలో యెక్కువగా కనిపించినవి ఒంటిమీద మినుకుమినుకుమనే లాంతరు చేపలు. వేలెడంత ప్రాణులు! పగలు అవి లోతున దాగితే స్క్విడ్ లోతుకు పోతుంది, రాత్రి అవి పైకి వస్తే వెంట వస్తుంది. రొయ్యలను, చిన్న స్క్విడ్‌లను కూడా విడిచిపెట్టదు.

గాలానికి చిక్కి గిలగిల కొట్టుకునే తోటి స్క్విడ్‌ను పీక్కు తింటుందన్న మాట నిజమే. కాని గాలం దగ్గర చూసినదాన్నిబట్టి దాని నిత్యజీవితాన్ని తేల్చడం న్యాయం కాదు.

ఆ తొందరకు కారణం వున్నది. గుడ్డునుంచి వచ్చినప్పుడు అది మిల్లీమీటరు మాత్రం. ఆయుష్షు ఏడాది, మహా అయితే రెండేళ్ళు. ఆ కొద్దికాలంలోనే అంత దేహం పెంచుకోవాలి.

2009-10లో ‘ఎల్ నినో’ వచ్చి సముద్రం వేడెక్కింది. మేత తగ్గింది. పెద్ద స్క్విడ్‌లు ఆ తావు విడిచాయి. అక్కడే మిగిలినవి ఆరునెలలకే ఈడుకు వచ్చి, చిన్నవిగానే వుండిపోయాయి. తరువాతి సంవత్సరాలలో శాంతా రోసాలియా వేట క్షీణించి, దాదాపు నిలిచిపోయింది. ఎన్నో కుటుంబాలకు కూడు పెట్టిన వేట అది. దయ్యానికి పళ్ళు అరిగిపోయి కాదు, వేలెడు చేప కరువై!