సుత్తి చెప్పే సంగతి

పెరట్లో గేదెను కట్టడానికి గుంజ పాతడం మీలో చాలామంది చూసే వుంటారు. మొదటి దెబ్బకు గుంజ బెత్తెడు దిగుతుంది. తరువాత రెండంగుళాలు, ఆ తరువాత అంగుళం. చివరకు ఎంత గట్టిగా కొట్టినా కదలదు. "ఇక చాలు" అంటాడు తాతయ్య. గుంజ అడుగున ఏముందో ఆయన చూడలేదు. మరి అది గట్టిగా నిలిచిందని ఎలా తెలిసింది? దెబ్బ చెప్పింది!

పెద్ద భవనాలకూ, వంతెనలకూ ఇంజనీర్లు చేసే పని ఇలాంటిదే. పైనేల మెత్తగా వుంటే కట్టడం బరువుకు కుంగిపోతుంది. అందుకని కర్రతోగాని, ఉక్కుతోగాని, కాంక్రీటుతోగాని చేసిన పొడవైన స్తంభాలను లోతుకు దిగగొట్టి, వాటిమీద కట్టడాన్ని నిలబెడతారు. ఈ స్తంభాలనే 'పైల్స్' అంటారు. ఇవి బరువును రెండు విధాల మోస్తాయి. వీటి కొస అడుగునవున్న గట్టి పొరమీద ఆనుతుంది. చుట్టూవున్న మట్టి రాపిడితో పక్కలను పట్టి వుంచుతుంది.

హాలెండులోని ఆమ్‌స్టర్‌డామ్ నగరం మెత్తని నేలమీద వెలసింది. అక్కడ గట్టి ఇసుకపొర దొరకాలంటే సుమారు 12 మీటర్ల లోతుకు పోవాలి. 1648లో అక్కడ నగరపాలక భవనం కట్టడానికి పూనుకొని, 13,659 కర్ర పైల్స్ దిగగొట్టారు. ఈ సంఖ్యను గుర్తుంచుకోవడం తేలిక. ఏడాదిలోని రోజులు 365 కదా! దానికి ముందు 1, వెనుక 9 చేర్చండి. ఆ భవనం నేటికీ నిలిచివుంది, ఇప్పుడది రాజభవనం. నీటిలో మునిగివున్న కర్రకు గాలి అందదు కనుక అది త్వరగా కుళ్ళదు.

ఆ కాలంలో కూలీలు పాటలు పాడుకుంటూ, అందరూ ఒక్కసారిగా తాళ్ళు లాగి బరువును పైకెత్తి వదిలేవారు. 1845లో బ్రిటన్‌లోని డెవన్‌పోర్టు రేవులో జేమ్స్ నాస్మిత్ తన ఆవిరి సుత్తితో ఈ పాత పద్ధతికి పోటీ పెట్టాడు. రెండు దుంగలూ 21 మీటర్ల పొడవు. ఆవిరి సుత్తి నాలుగున్నర నిమిషాలలో పని ముగించింది. పాత పద్ధతికి 12 గంటలకు పైగా పట్టిందని నాస్మిత్ తన ఆత్మకథలో రాశాడు. రహస్యమేమిటి? తేలిక బరువు చాలా ఎత్తునుంచి పడితే దుంగ తల చితుకుతుంది. ఎక్కువ బరువు కొద్ది ఎత్తునుంచి వెంటవెంటనే పడితే దుంగ కిందికి దిగుతుంది.

తరువాత డీజిల్ సుత్తులు వచ్చాయి. వీటిలో బరువైన ముషలకం కిందపడుతూ గాలిని నొక్కుతుంది. ఆ వేడికి డీజిల్ మండి, ముషలకాన్ని మళ్ళీ పైకి ఎగరేస్తుంది. పైల్ తల పగలకుండా దానికి ఉక్కు టోపీ తొడుగుతారు.

ఇక చిన్న లెక్క. 2 టన్నుల సుత్తి 1 మీటరు ఎత్తునుంచి పడిందనుకోండి. దెబ్బ శక్తి 2 టన్ను-మీటర్లు. పైల్ 2 సెంటీమీటర్లు, అంటే 0.02 మీటరు దిగితే, నేల సగటున ఎదురొడ్డిన బలం 2 ÷ 0.02 = 100 టన్నులు. ఒక్క సెంటీమీటరే దిగితే 200 టన్నులు! నిజానికి కొంత శక్తి చప్పుడుగా, వేడిగా, అదురుగా పోతుంది. అందుచేత ఇంజనీర్లు ఇందులో కొంత భాగాన్నే నమ్ముతారు.

అయితే సుత్తి చెప్పేది పైల్ చుట్టుపక్కల నేల సంగతి మాత్రమే. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో 2009లో పూర్తయిన 58 అంతస్తుల మిలీనియం టవర్‌కు పైల్స్ గట్టి ఇసుకలో ఆగాయి. కాని ఆ ఇసుక కింద బంకమన్ను వుంది. అది బరువుకు అణగడంతో భవనం కుంగి ఒక పక్కకు ఒరిగింది. చివరకు రాతిపొర దాకా కొత్త పైల్స్ దించవలసి వచ్చింది. అందుకే పునాది వేసేముందు లోతుగా రంధ్రాలు తవ్వి, పొరపొరనూ పరీక్షించాలి.

మీరూ ప్రయత్నించండి. ఒక పుల్లను తడి ఇసుకలోనూ, మరొకటి గట్టి నేలలోనూ గుచ్చి, ఒకే రాయిని ఒకే ఎత్తునుంచి వాటిపై వదలండి. దెబ్బ దెబ్బకూ ఎంత దిగిందో స్కేలుతో కొలవండి. కంటికి కనబడని నేల మీతో మాట్లాడుతుంది!