మేకు కొట్టకుండానే అద్దె ఇంటిని మన ఇల్లు చేసుకోవడం ఎలా?

“సొంత ఇల్లు అయ్యాక చూద్దాంలే.” అద్దె ఇళ్లలో ఉండే మన కుటుంబాల్లో తరచుగా వినిపించే మాట ఇది. మంచి పరదాలు వేద్దామంటే ఇదే జవాబు. పిల్లాడు చదువుకోడానికి ఒక బల్ల కొందామన్నా ఇదే జవాబు. ప్లాటు కొనాలి, లోను రావాలి, గోడలు లేవాలి. ఈలోపు పదేళ్లు గడిచిపోతాయి. రెండో తరగతి పిల్లాడు ఇంటర్‌కి వచ్చేస్తాడు. వాడి చిన్నతనమంతా విప్పని అట్టపెట్టెల మధ్యనే అయిపోతుంది.

దీనికి పూర్తి వ్యతిరేకంగా చేసేవాళ్లూ ఉన్నారు. చేరిన నెలలోనే గోడలకు రంగులు, వాల్‌పేపర్, డ్రిల్లు వేసి బిగించిన షెల్ఫులు! రెండేళ్లకు ఓనర్ ఖాళీ చేయమంటే ఆ ఖర్చంతా గోడలకే వదిలేసి రావాలి. పైగా కన్నాలు పడ్డాయని అడ్వాన్స్‌లో కోత.

ఈ రెండింటికీ మధ్య ఒక తేలికైన లెక్క ఉంది. గోడకు పెట్టిన డబ్బు ఓనర్‌కి మిగులుతుంది. మనతో ట్రాలీ ఆటో ఎక్కే వస్తువుకు పెట్టిన డబ్బు మనకు మిగులుతుంది. కాబట్టి ఏది కొనే ముందైనా ఒక్క ప్రశ్న వేసుకోండి: “ఇల్లు మారేటప్పుడు ఇది మనతో వస్తుందా?” వస్తుందంటే ధైర్యంగా కొనండి. ఉన్నన్ని రోజులూ ఇల్లు ఇల్లులా ఉంటుంది, డబ్బూ వృథా కాదు.

సామాను దించక ముందే

ఖాళీ ఇంటిని ఫోన్‌తో వీడియో తీసుకోండి. గోడ పగుళ్లు, పాత మేకుల కన్నాలు, చెమ్మ మరకలు, కారే కుళాయి, పగిలిన టైల్, కరెంటు మీటర్ రీడింగ్ అన్నీ అందులో పడాలి. అదే రోజు ఆ వీడియో ఓనర్‌కి వాట్సాప్‌లో పంపేయండి. ఇందులో మొహమాటపడేది ఏమీ లేదు. ఇల్లు మన చేతిలో అమానత్. ఏ స్థితిలో తీసుకున్నామో ఇద్దరికీ తెలిసుంటే తర్వాత మాట రాదు.

అగ్రిమెంట్ కూడా ఒకసారి చదవండి. చాలా చోట్ల 11 నెలలకే రాస్తారు. ఏడాదికి మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి కాబట్టి ఈ పద్ధతి వచ్చింది. అడ్వాన్స్ విషయానికొస్తే, కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస ఇళ్లకు రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ తీసుకోకూడదని చెప్తుంది. అయితే అది నమూనా మాత్రమే. రాష్ట్రం దాన్ని తన చట్టంగా తెచ్చుకున్న చోటే అమలవుతుంది. అందుకే మనకు ముఖ్యమైనది మన కాగితం మీద రాసిన మాట. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారు, మేకులు కొట్టొచ్చా, అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో ఇస్తారు అనే మూడు సంగతులు సంతకానికి ముందే అడిగి రాయించుకోండి.

పేరు చెప్పగానే “ఇల్లు లేదు” అనిపించుకున్న అనుభవం మనలో కొందరికి ఉంది. అలాంటప్పుడు దొరికిన ఇంట్లో అడగడానికి వెనకాడతాం. కానీ ముందే మర్యాదగా అడిగి రాసుకున్న మాటే ఆఖర్న గొడవ రాకుండా కాపాడుతుంది.

గోడ ఏ రకమో చూడండి

అరచేత్తో గోడను రుద్ది చూడండి. తెల్లటి పొడి అంటితే అది సున్నం గోడ. తడి గుడ్డతో తుడిస్తే రంగు దిగుతుందంటే డిస్టెంపర్. ఈ రెండింటి మీదా అంటించే హుక్కులు నిలవవు. నిలిచినా తీసేటప్పుడు రంగు పెచ్చులతో సహా ఊడొస్తుంది. అంటించే హుక్కులు టైల్స్, అద్దం, ఇనుప అల్మారా, నున్నటి ఆయిల్ పెయింట్ మీద బాగా నిలుస్తాయి. తీసేటప్పుడు హెయిర్ డ్రైయర్‌తో కొంచెం వేడి చేయండి. మిగిలిన జిగురు కొబ్బరినూనె రాసి కాసేపు ఉంచితే తుడుచుకుపోతుంది.

సున్నం గోడల ఇంట్లో ఆయతుల ఫ్రేము, గడియారం ఎక్కడ తగిలించాలి? ముందు పాత మేకులు ఎక్కడున్నాయో చూస్కోండి. ఓనర్ కొట్టినవి కొన్ని ఎలాగూ ఉంటాయి. పాత ఇళ్లలో గోడ గూళ్లు ఉంటాయి, ఫ్రేమును అందులో నిలబెట్టొచ్చు. బరువైన అద్దం ఫ్రేములకు బదులు తేలికైన చెక్క ఫ్రేములు, గుడ్డ మీద కుట్టిన ఖత్తాతీ పని అయితే చిన్న మేకుకే ఆగుతాయి.

చెమ్మ గోడను మాత్రం దేనితోనూ కప్పకండి. వాల్‌పేపరో, స్టిక్కరో వేస్తే తేమ లోపలే ఉండిపోయి బూజు పెరుగుతుంది. ఆ వాసన పిల్లల దగ్గుకు, ఆయాసానికి మంచిది కాదు. ఆ గోడకు అల్మారా ఆనించకుండా నాలుగు వేళ్ల ఖాళీ వదలండి. వానాకాలంలో ఆ గదిలో బట్టలు ఆరేయకండి. పైపు కారడం వల్ల వచ్చిన చెమ్మ అయితే ఫొటో తీసి ఓనర్‌కి పంపండి. ఆ రిపేరు మన బాధ్యత కాదు.

పరదా, బల్బు, జంపఖానా

ఇంటి రూపు మార్చేవి ఈ మూడే. మూడూ మనతో వచ్చేవే.

వీధి గుమ్మం తెరిస్తే ముందు గది అంతా కనిపించే ఇళ్లు చాలా ఉంటాయి. ఇంట్లో ఆడవాళ్లకు అది పెద్ద ఇబ్బంది, రోజంతా తలుపు మూసుకుని గాలీ వెలుగూ లేకుండా గడపాలి. దీనికి మంచి పరదా ఒక్కటి చాలు. గుమ్మం ఫ్రేము రెండు వైపులా ఒత్తుకుని నిలిచే స్ప్రింగ్ రాడ్లు దొరుకుతాయి, మేకు అక్కర్లేదు. 7 అడుగుల గుమ్మానికి మడతలతో కలిపి 2.35 మీటర్ల గుడ్డ పడుతుంది. ఐదున్నర మీటర్ల పాత కాటన్ చీర ఒకటి ఉంటే రెండు గుమ్మాలకు పరదాలు వచ్చేస్తాయి, మిగిలిన ముక్క చిన్న దిండు గలీబుకు సరిపోతుంది. కిటికీలకు మాత్రం కిటికీ వెడల్పుకు ఒకటిన్నర నుంచి రెండింతల గుడ్డ ఉండాలి. లేకపోతే కుచ్చులు పడవు, పరదా బిగదీసినట్టు కనిపిస్తుంది.

తర్వాత వెలుగు. పెట్టె మీద 6500 కె అని ఉన్న ఎల్ఈడీ బల్బు తెల్లటి వెలుగు ఇస్తుంది, వంటింటికీ చదువుకూ బాగుంటుంది. 2700 కె లేదా 3000 కె అని ఉన్నది పసుపు వెలుగు. రాత్రి కూర్చునే గదికి, పడకగదికి అదే హాయి. 9 వాట్ల ఎల్ఈడీ పాత 60 వాట్ల బల్బుకు దగ్గరగా వెలుగిస్తుంది. ఓనర్ బల్బులు తీసి ఒక పెట్టెలో దాచండి. వెళ్లేటప్పుడు అవి పెట్టేసి మనవి తీసుకెళ్లొచ్చు.

ఇక నేల. పాత గచ్చు, మరకల టైల్స్ మనం మార్చలేం, కానీ కప్పగలం. వరంగల్ జంపఖానాలు మన దగ్గరే నేసేవి, 2018లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నూలువి కాబట్టి ఎండలో దులిపి వాడుకోవచ్చు, చుట్టేస్తే చంకలో పడతాయి. కుర్చీలు లేని ఇంట్లో కూడా జంపఖానా పరిచి నాలుగు దిళ్లు వేస్తే పది మంది మెహమాన్లు కూర్చోవచ్చు. దస్తర్‌ఖాన్ పరిచే ఇంటికి సోఫా కన్నా ఇదే ఎక్కువ పనికొస్తుంది.

దుప్పట్లు, గలీబులకు కలంకారీ చూడండి. కలం పట్టి చేసే పని అనే పారసీ మాట నుంచి వచ్చిన పేరు అది. మచిలీపట్నం గోల్కొండ సుల్తానుల రేవుగా ఉన్న రోజుల్లో అక్కడి అద్దకానికి పర్షియా నుంచి గిరాకీ ఉండేది. ఆ పక్కనే ఉన్న పెడనలో ఇప్పటికీ చెక్క అచ్చులతో అద్దుతున్నారు. పరదా, గలీబు, జంపఖానా, తివాచీ అనే మాటలన్నీ ఉర్దూ, పారసీల నుంచి వచ్చి తెలుగులో కలిసిపోయినవే. మన ఇంటి అలంకారానికి పరాయి పుస్తకాలు చూడనక్కర్లేదు.

నమాజ్‌కి, చదువుకి ఒక మూల

గది లేకపోతే మూల చాలు. మన రెండు రాష్ట్రాల నుంచి ఖిబ్లా పడమరకు, కొంచెం ఉత్తరం వైపుకు ఉంటుంది. ఫోన్ దిక్సూచితో చూసేటప్పుడు ఇనుప అల్మారాకు, ఫ్రిజ్‌కు దూరంగా నిలబడండి, లేకపోతే ముల్లు తప్పు చూపిస్తుంది. ఆ మూలలో జానిమాజ్‌లకు ఒక బుట్ట, ఎత్తైన చిన్న స్టాండ్ మీద ఖురాన్, పక్కన ఒక పసుపు వెలుగు దీపం పెట్టండి. దారికి అడ్డం రాని చోటు చూస్కుంటే చాలు.

పిల్లలకు కూడా ఇదే లెక్క. కింద కూర్చుని రాసుకునే మడత బల్ల, ఒక టేబుల్ లైటు, పుస్తకాలకు ఒక అట్టపెట్టె. “ఇది నీ చోటు” అని చూపిస్తే పిల్లలు సర్దుకోవడం వాళ్లే నేర్చుకుంటారు.

ఒక్క పొయ్యి మీద ఖిచ్డీ, ఖట్టా

అద్దె వంటిళ్లలో చిమ్నీ ఉండదు, గాలి ఆడదు. రోజూ వేపుళ్లు చేస్తే ఆ జిడ్డు గోడల మీదే పేరుకుంటుంది, ఆఖర్న అడ్వాన్స్‌లో తేలుతుంది. పొయ్యి వెనక పల్చటి అల్యూమినియం రేకు నిలబెట్టండి. ప్లాస్టిక్ షీట్ మాత్రం వద్దు, మంట దగ్గర ప్రమాదం. వారంలో రెండు మూడు రోజులు జిడ్డు లేవని వంట పెట్టుకుంటే గోడా బాగుంటుంది, ఒళ్లూ బాగుంటుంది.

అందుకు హైదరాబాదీ ఖిచ్డీ, ఖట్టా సరైన జోడీ. నలుగురికి లెక్క ఇది. 2 గ్లాసుల బియ్యం, అర గ్లాసు ఎర్రటి మసూర్ పప్పు కడిగి అరగంట నానబెట్టండి. ఈలోపు అదే పొయ్యి మీద 3 చెంచాల నువ్వులు దోరగా వేయించి చల్లార్చి పొడి చేసుకోండి. గిన్నెలో కొంచెం నూనె వేసి ఒక ఉల్లిపాయ, చెంచా అల్లం వెల్లుల్లి, చిటికెడు పసుపు, రెండు లవంగాలు వేయించి, 5 గ్లాసులకు కొంచెం తక్కువగా నీళ్లు పోయండి. మరిగాక ఉప్పు, బియ్యం, పప్పు వేసి, నీళ్లు ఇంకాక సన్న సెగ మీద మూత పెట్టేయండి.

అది మగ్గేలోపు ఖట్టా అయిపోతుంది. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి రెండున్నర గ్లాసుల పులుసు తీయండి. అందులో నువ్వుల పొడి, ఉప్పు, అర చెంచా కారం, సన్నగా తరిగిన పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర కలపండి. ఆఖర్న జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకు పోపు వేస్తే అయిపోయింది. ఖట్టాను మరిగించే పని లేదు. మంట మీద కాల్చిన అప్పడం పక్కన పెడితే సెహ్రీకి కూడా ఇది కడుపు నిండే భోజనం.

డబ్బాలో పట్టే హాబీ

హాబీ అంటే డబ్బున్నవాళ్ల వ్యవహారం అనుకోవద్దు. ఒక బిస్కెట్ డబ్బాలో పట్టే హాబీ ఎంచుకుంటే ఏ ఇంటికి మారినా మనతోనే వస్తుంది. క్రోషియా సూది, రెండు దారపు ఉండలు. లేదా వెదురు కలం, సిరా సీసా. పిల్లలకు సెలవుల్లో ఖత్తాతీ నేర్పిస్తే వాళ్లు రాసిందే ఫ్రేములో పెట్టొచ్చు, బజారులో కొన్నదాని కన్నా మెహమాన్లు దాన్నే ఎక్కువ చూస్తారు. పాత చీరలు, చున్నీలతో బొంత కుట్టడం ఇంకోటి. నూర్‌బాషా, దూదేకుల కుటుంబాలకు దూది ఏకడం, పరుపులు కుట్టడం తాతల నాటి వృత్తి. ఇంట్లో పెద్దావిడ ఉంటే ఆ కుట్టు ఆమె దగ్గర నేర్చుకోండి.

మొక్కలంటే ఇష్టమా? కూరకు తెచ్చిన పుదీనాలో నాలుగు బలమైన కాడలు తీసి నీళ్లలో పెడితే వారం పది రోజుల్లో వేళ్లు వస్తాయి, కుండీలో నాటేయండి. మనీప్లాంట్ సీసాలో నీళ్లకే పెరుగుతుంది. ఆ నీళ్లు మాత్రం వారానికోసారి మార్చాలి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

ఖాళీ చేసే వారం

మన వల్ల పడ్డ మేకు కన్నాలను వైట్ సిమెంట్ లేదా పుట్టీతో పూడ్చి, ఆరాక గరుకు కాగితంతో రుద్దండి. పాత బల్బులు తిరిగి పెట్టండి. ఇల్లు కడిగాక మళ్లీ వీడియో తీసి, మొదటి రోజు తీసినదాని పక్కన పెట్టి ఓనర్‌కి చూపించండి. మీటర్ రీడింగ్, కట్టిన బిల్లు కూడా చూపించేయండి. అప్పుడు అడ్వాన్స్ గురించి మాట్లాడటం తేలికవుతుంది, గొంతు పెంచే అవసరం రాదు.

కొత్త ఇంటికి చేరిన రోజు ముందుగా విప్పాల్సింది గిన్నెల మూట కాదు. పరదాలు, జంపఖానా, పసుపు బల్బు, పిల్లల బల్ల ఉన్న మూట. ఆ రాత్రికి అవి వాటి చోట్ల ఉంటే, గోడలు మారినా ఇల్లు మారలేదని పిల్లలు నిశ్చింతగా పడుకుంటారు.