క్రియాటినిన్ నిజంగా తగ్గిందా?

డొంకూరు నుండి, కవిటి, సోంపేట, కంచిలి వైపు నుండి వచ్చే కుటుంబాలవారు మమ్మల్ని తరచుగా ఒక మాట అడుగుతుంటారు. "ఫలానా మందు వాడినవాళ్ళకు క్రియాటినిన్ తగ్గిందట, మేమూ వాడవచ్చా?" అని. హిరమండలం జలాశయం నుండి ఉద్దానానికి తెచ్చిన మంచినీటి పథకం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాక నీళ్ళ గురించి కూడా ఇలాగే అడుగుతున్నారు. మన ప్రాంతపు కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు. కాబట్టి ఏది మేలు చేస్తోందో జాగ్రత్తగా లెక్క చూసుకోవాలి.

మీ రిపోర్టును పక్కింటివారి రిపోర్టుతో పోల్చకండి. వయసు, కండ, జబ్బు దశ మనిషి మనిషికీ వేరు. ఒకే మనిషి ముందు రిపోర్టునూ తర్వాత రిపోర్టునూ జతగా చూడాలి.

ఒక ఊహా లెక్క తీసుకుందాం. ఎనిమిది మంది ఆరు నెలలు ఒక మందు వాడారు. ఏడుగురికి క్రియాటినిన్ 0.1, 0.2, 0.4, 0.5, 0.6, 0.7, 5.0 చొప్పున తగ్గింది. ఒకరికి 0.3 పెరిగింది. సగటున 0.9 తగ్గినట్టు! కానీ అంత తగ్గినవారు ఒక్కరే. ఆ ఒక్కరిని పక్కన పెడితే సగటు 0.3 మాత్రమే.

ఈ చిక్కుకు ఫ్రాంక్ విల్‌కాక్సన్ అనే రసాయన శాస్త్రవేత్త 1945లో ఒక సులువైన పద్ధతి చెప్పాడు. తేడాలను చిన్నదాని నుండి పెద్దదాని వరకు వరుసలో పెట్టి 1, 2, 3 అని నంబర్లు వేయాలి. 5.0 ఎంత పెద్దదైనా దాని నంబరు 8 మాత్రమే. పెరిగినవారి నంబర్ల మొత్తం 3, తగ్గినవారిది 33. మందుకు ఏ గుణమూ లేకపోతే ఒక్కొక్కరికి పెరగడం, తగ్గడం బొమ్మా బొరుసు వంటిది. ఎనిమిది మందికి అవి 256 విధాలుగా పడవచ్చు. అందులో ఏదో ఒక వైపు మొత్తం 3కు మించనివి 10 మాత్రమే, అంటే 100కు 4. ఇది 5 కంటే తక్కువైతే పరిశోధకులు సాధారణంగా "కాకతాళీయం కాకపోవచ్చు" అంటారు.

ఇలాంటి ఆలోచన పాతదే. 1710లో జాన్ ఆర్బత్‌నాట్ అనే వైద్యుడు లండన్ బాప్తిస్మపు రిజిస్టర్లలో 82 ఏళ్ళ లెక్క చూశాడు. ప్రతి ఏడూ మగబిడ్డలే ఎక్కువ. ఇది అనుకోకుండా జరిగేది కాదని తేల్చాడు.

మళ్ళీ మన లెక్కకు వద్దాం. 5.0 తగ్గినాయన మధ్యలో డయాలసిస్ మొదలుపెట్టారనుకోండి. డయాలసిస్ వల్లే క్రియాటినిన్ తగ్గుతుంది గనుక ఆయనను ఈ లెక్కలో ఉంచకూడదు. మిగిలిన ఏడుగురితో చూస్తే 100కు 8 వస్తుంది. అప్పుడు ఆ మందు గురించి గట్టిగా ఏమీ చెప్పలేము. ఎవరిని లెక్కలోకి తీసుకున్నారన్నది అంత ముఖ్యం. బాగైనవారే వచ్చి చెబుతారు, బాగవనివారి మాట మనదాకా రాదు.

తేడా నిజమే అయినా కారణం మందే అని ఈ లెక్క చెప్పదు. మే నెలలో ఎండన పడి పనిచేసి, సరిగా నీళ్ళు తాగక ఇచ్చిన రక్తంలో క్రియాటినిన్ ఎక్కువ కనిపించవచ్చు. డిసెంబరులో అదే తగ్గవచ్చు. అందుకే మందు వాడని మరో గుంపును కూడా పక్కన పెట్టి చూడాలి.

మీరు చేయగలిగింది ఇది. పాత రిపోర్టులన్నీ తేదీలవారీగా ఒక కవరులో దాచండి. వీలైతే ఒకే ల్యాబులో పరీక్ష చేయించండి. ముందు రాత్రి మాంసం ఎక్కువగా తినకండి. ఒళ్ళునొప్పుల మాత్రలు సొంతంగా వాడుతుంటే దాచకుండా డాక్టరుగారికి చెప్పండి. ఎవరో బాగయ్యారని విని బీపీ మాత్రలు గానీ డయాలసిస్ గానీ మానేయకండి. కొత్త మందు ఏదైనా మొదలుపెట్టాలనుకుంటే ముందు ఆ కవరు తీసుకుని మా దగ్గరకు రండి.