మధుమేహరోగి పాదము - పరిచర్యా ప్రణాళిక

తియ్యని మూత్రము పోవు వ్యాధిని మన ప్రాచీన వైద్యులు చక్కగా ఎరుగుదురు. చరక, సుశ్రుత సంహితలలో మధుమేహ వర్ణన కలదు. నేడు పల్లెలలో దీనినే చక్కెర జబ్బు అందురు. భారతీయ వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యమున జరిగి, 2023లో ప్రకటింపబడిన అధ్యయనము ప్రకారము మన దేశమున సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి ఈ వ్యాధి కలదని అంచనా.

1921లో టొరాంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అను శాస్త్రజ్ఞులు ఇన్సులిన్‌ను వేరుచేయగలిగిరి. 1922 జనవరిలో అది మొదటిసారి ఒక బాలునికి ఈయబడెను. అంతకు ముందు, ఇన్సులిన్ బొత్తిగా ఉత్పత్తి కాని పిల్లలు ఎక్కువ కాలము బ్రతుకుటయే అరుదు. ఇన్సులిన్ వచ్చిన పిమ్మట రోగులు దశాబ్దములపాటు జీవింపసాగిరి. ఆయువు పెరిగినకొలది వ్యాధి యొక్క దీర్ఘకాల ఉపద్రవములు బయటపడినవి. కండ్లు, మూత్రపిండములు, గుండె, నాడులు క్రమముగా చెడుట వైద్యులు గమనించిరి. ఈ ఉపద్రవములను నివారించుటకు మందు ఒక్కటియే చాలదు. దినదినము జాగ్రత్తతో కూడిన పరిచర్య కావలెను. పాదమునకు కలుగు పుండు దీనికి మంచి ఉదాహరణము.

పాదమునకేల అపాయము?

క్లోమగ్రంథిలోని కొన్ని కణసముదాయములు ఇన్సులిన్‌ను తయారుచేయును. రక్తములోని గ్లూకోజు కండరములు మొదలగు కణజాలములలో ప్రవేశించుటకు ఇది తోడ్పడును. ఇన్సులిన్ చాలకపోయినను, ఉన్న ఇన్సులిన్‌కు శరీరము సరిగా లొంగకపోయినను రక్తమున గ్లూకోజు పేరుకొనును. ఏండ్ల తరబడి ఇట్లు జరిగినచో నాడులు, రక్తనాళములు దెబ్బతినును.

నాడులు చెడినచో పాదమునకు స్పర్శ, నొప్పి తెలియవు. చెమట తగ్గి చర్మము పొడిబారి పగుళ్లు పట్టును. పాదములోని చిన్న కండరములు క్షీణించి వ్రేళ్లు వంకరపోవును. అందుచే శరీరపు బరువంతయు అరికాలిలో ఒకటి రెండు చోట్లనే పడును. రక్తనాళములు ఇరుకైనచో గాయము మానుటకు కావలసిన ఆమ్లజని, పోషకములు అందవు. చక్కెర ఎక్కువైన రక్తములోని తెల్లకణములు సూక్ష్మజీవులతో పోరాడుటలో వెనుకబడును. ఈ మూడు లోపములు ఒకచోట చేరుటచే, చిన్న ముల్లు గ్రుచ్చుకొన్న చోటు పెద్ద పుండై, ఒక్కొక్కప్పుడు కాలు తీసివేయవలసిన స్థితి వచ్చును.

నొప్పి శత్రువు కాదు, కావలివాడు. ఈ సత్యమును స్పష్టముగా నిరూపించినవారిలో డాక్టర్ పాల్ బ్రాండ్ ముఖ్యుడు. ఆయన 1946లో వెల్లూరునకు వచ్చి, పిమ్మట కుష్ఠురోగుల నడుమ పనిచేసెను. రోగుల వ్రేళ్లు వాటంతట అవి రాలిపోవుట లేదనియు, నొప్పి తెలియక మరల మరల తగిలించుకొను గాయములే అందుకు కారణమనియు ఆయన చూపెను. 1960 దశకమున అమెరికాలోని కార్విల్‌కు వెళ్లిన పిమ్మట ఈ సూత్రమునే మధుమేహరోగుల పాదములకు కూడ అన్వయించెను.

ప్రణాళికలోని అయిదు మెట్లు

వైద్యుడు రోగిని దినమునకు ఒకటి రెండు మారులు చూచి చికిత్సను నిర్ణయించును. మిగిలిన వేళలలో రోగిని కనిపెట్టియుండునది పరిచారిక, అనగా నర్సు. ఆమె పని అలవాటుగా సాగునది కాదు. పరిశీలన, సమస్యా నిర్ణయము, లక్ష్యము, ఆచరణ, ఫలిత పరీక్ష అను అయిదు మెట్లుగా అది నడచును. ప్రయోగశాలలో విద్యార్థులు అనుసరించు శాస్త్రీయ పద్ధతియే ఇక్కడ రోగి మంచమువద్దకు వచ్చినది.

55 ఏండ్ల రైతు ఒకడు ఆసుపత్రిలో చేరినాడనుకొందము. పదేండ్లుగా మధుమేహము కలదు. బొటనవ్రేలి మొదట అరికాలిలో పుండున్నది. నేలపై రక్తపు మరకలు చూచి భార్య చెప్పువరకు దాని సంగతి అతనికి తెలియదు. "నొప్పి లేదు గదా, చిన్నదే" అని అతడనును. అసలు ప్రమాదము ఆ మాటలోనే కలదు.

మొదటిది పరిశీలన. ఏ మందు, ఏ వేళకు వాడుచున్నాడు? ఏమి తినుచున్నాడు? పొలమున చెప్పులు లేక నడచునా? చుట్ట, బీడీ అలవాటు కలదా? చూపు సరిగా ఉన్నదా? పరిచారిక ఇవన్నియు అడిగి వ్రాసికొనును. జ్వరము, నాడి, రక్తపుపోటు, రక్తములోని గ్లూకోజు కొలుచును. పాదము పైభాగమునను, చీలమండ వెనుకను నాడి కొట్టుకొనుచున్నదో లేదో వ్రేళ్లతో చూచును. 10 గ్రాముల ఒత్తిడికి వంగు నైలాను పోగును అరికాలికి తాకించి, కండ్లు మూసికొన్న రోగికి స్పర్శ తెలియునో లేదో పరీక్షించును. పుండు పొడవు, వెడల్పు, లోతు, చీము, వాసన నమోదు చేయును.

రెండవది సమస్యా నిర్ణయము. వైద్యుడు వ్యాధికి పేరు పెట్టును; పరిచారిక రోగి అవసరములకు పేరు పెట్టును. చర్మము చీలినది, సూక్ష్మజీవులు చేరు ప్రమాదమున్నది, స్పర్శ లేదు గనుక మరల గాయపడవచ్చును, రక్తములోని చక్కెర అదుపులో లేదు, పాదసంరక్షణ తెలియదు, కాలు పోవునేమో, సేద్యము ఆగునేమో అను భయమున్నది. ఈ చివరిది కూడ సమస్యయే.

మూడవది లక్ష్యము. "రోగికి మేలు కలుగవలెను" అన్నచో అది కోరిక మాత్రమే. లక్ష్యము కొలతకు అందవలెను. పుండు 3 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పు కలదనుకొందము; పొడవును వెడల్పుతో గుణించిన 6 వచ్చును. నాలుగు వారములలో అది 3కు, అనగా సగమునకు దిగవలెను. దిగనిచో చికిత్సను వైద్యుడు మరల యోచింపవలెను. మూడు దినములలో రోగి తన పాదమును అద్దము సాయముతో తానే పరీక్షించుకొనగలుగుట మరియొక లక్ష్యము.

నాలుగవది ఆచరణ. పుండుపై బరువు పడకుండ చూచుట అన్నిటికంటె ముఖ్యము. ఎంత మంచి కట్టు కట్టినను దానిపై నడచినచో పుండు మానదు. శుభ్రమైన కట్టు, వేళకు మందులు, వేళకు ఆహారము తరువాతివి. ఇన్సులిన్ ఇచ్చిన పిమ్మట భోజనము ఆలస్యమైనచో రక్తములోని గ్లూకోజు 70 మిల్లీగ్రాములకు దిగువకు పడిపోవచ్చును. చెమటలు, వణుకు, ఆకలి, తికమక దీని గుర్తులు. అట్టి యెడల 15 గ్రాముల గ్లూకోజును, లేదా అంత చక్కెరను నీటిలో కలిపి వెంటనే త్రాగించి, 15 నిమిషముల తరువాత మరల పరీక్షింపవలెను. తెలివి తప్పినవానికి మాత్రము నోట ఏమియు పోయరాదు. వెంటనే వైద్యసహాయము కావలెను.

అయిదవది ఫలిత పరీక్ష. లక్ష్యము నెరవేరెనా? లేనిచో పరిశీలనలో ఏది తప్పిపోయెను? రోగి రాత్రివేళ పుండున్న కాలు మోపి నడచుచున్నాడేమో! ఇట్లు ప్రణాళిక మరల మొదటి మెట్టునకు వచ్చును.

ఇంటిలో చేయదగినవి

ఆసుపత్రి విడిచిన తరువాత ప్రణాళిక ఇంటివారి చేతికి వచ్చును. ప్రతిదినము రెండు పాదములను, వ్రేళ్ల సందులను చూడవలెను. గోరువెచ్చని నీటితో కడిగి, సందులు తడి లేకుండ తుడువవలెను. నీటి వేడిని రోగి తన కాలితో పరీక్షింపరాదు. వేరొకరు చేతితో చూడవలెను. అరికాళ్లకు నూనె వ్రాయవచ్చును గాని వ్రేళ్ల సందులలో వ్రాయరాదు. ఆనెకాయలను బ్లేడుతో కోయరాదు. కాళ్లకు వేడి ఇటుకతో కాపడము పెట్టరాదు. ఇంటిలోనైనను మెత్తని చెప్పులు తొడుగవలెను; తొడుగుటకు ముందు వాటిని దులుపవలెను. ఎండవేళ గుడి ప్రాంగణపు రాతినేలపై వట్టి కాళ్లతో నడచినచో బొబ్బలెక్కినను తెలియదు. చల్లని వేళ మేజోళ్లతో పోవుట మేలు. పొగాకు పూర్తిగా మానవలెను.

ఉన్నత పాఠశాల విద్యార్థి కూడ చేయదగిన పరీక్ష ఒకటి కలదు. ఇంగ్లాండులోని ఇప్స్‌విచ్ వైద్యులు దీనిని 2011లో ప్రకటించిరి. రోగిని కండ్లు మూసికొనుమని, రెండు పాదములలోను మొదటి, మూడవ, అయిదవ వ్రేళ్ల కొనలను చూపుడువ్రేలితో ఒకటి రెండు సెకండ్లపాటు మెల్లగా తాకవలెను, నొక్కరాదు. ఆరింటిలో రెండుగాని అంతకు మించిగాని తెలియనిచో పాదమునకు ప్రమాదమున్నదని గ్రహించి వైద్యునికి చూపవలెను. అన్నియు తెలిసినను ఏటేట వైద్యపరీక్ష మానరాదు.

తాతగారికి చూపు మందగించి, నడుము వంగక, తన అరికాలు తనకు కనబడకపోవచ్చును. ఆ ఇంట చదువుకొను పిల్లలు దినమునకు రెండు నిమిషములు ఆయన పాదములను చూచినచో, మొద్దుబారిన నాడులు చెప్పలేని సంగతిని వారి కండ్లు చెప్పగలవు. ముల్లు చిన్నదిగా ఉండగానే కనబడినచో కాలు నిలుచును.