చేతికి అందితేనే లెక్క

అల్లాహ్ దయవల్ల మన సొసైటీ సాయంత్రపు తరగతులకు చిన్నపిల్లలు బాగానే వస్తున్నారు. వారిలో చాలామంది వంద వరకు గుక్క తిప్పుకోకుండా ఒప్పజెబుతారు. ముందు తొమ్మిది చింతగింజలు పోసి "ఎన్ని?" అంటే మాత్రం తడబడతారు. ఒక గింజను రెండుసార్లు లెక్కపెడతారు, మరొకటి వదిలేస్తారు. అంకెల పేర్లు రావడం వేరు, లెక్క రావడం వేరు.

మన పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. 'ఇరవై అయిదు' అంటే ఇరవై, అయిదు విడివిడిగా వినిపిస్తాయి. 'పచ్చీస్'లో బీస్, పాంచ్ కలిసిపోయి ఉంటాయి. రెంటి మధ్య తడుముకునే పిల్లవాడికి లెక్కలు రావని ముద్ర పడుతుంది. ఆ ముద్ర పై తరగతుల దాకా వదలదు.

అందుకే పుస్తకం కంటే ముందు వస్తువులు చేతికిస్తున్నాం. ఒక్కో గింజను పక్కకు జరుపుతూ లెక్కించమంటాం. చివర పలికిన అంకే మొత్తం అని అలా తెలుస్తుంది. తర్వాత అవే గింజలను దూరదూరంగా పరిస్తే "ఎక్కువయ్యాయి" అంటారు. తప్పు అనం, మళ్లీ లెక్కపెట్టమంటాం. మరీ చిన్నవాళ్లు గింజలు నోట్లో పెట్టుకుంటారు కనుక వారికి చెంచాలు, గ్లాసులు ఇస్తాం.

ఆపై చీపురుపుల్లలు. పదేసి పుల్లలకు ఒక రబ్బరుబ్యాండు. రెండు కట్టలు, అయిదు విడిపుల్లలు పట్టుకున్న పిల్లవాడికి ఇరవై అయిదైనా పచ్చీసైనా ఒకటే. 25కూ 52కూ తేడా కళ్లకు కనిపిస్తుంది. 32లో 7 తీసివేయాలంటే ఒక కట్ట విప్పాల్సిందే. 'అప్పు తెచ్చుకోవడం' అంటే ఇదేనని వేరే చెప్పక్కర్లేదు.

కాస్త పెద్దవాళ్లు నమాజు తర్వాతి తస్బీహ్ లెక్కను గింజలతో పేరుస్తారు: 33, 33, 34. కలిపి పదేసి కుప్పలు చేస్తే సరిగ్గా పది కుప్పలు, వంద గింజలు. 40 గింజల్లో ఒకటి పక్కన పెట్టి, జకాత్ రెండున్నర శాతమంటే ఇంతేనని చూస్తారు.

గింజలకు, పుల్లలకు ఖర్చు లేదు. ఖర్చల్లా పక్కన కూర్చొని ఓపికగా చూసే టీచరమ్మకే. మీ సదఖా చేరుతున్నది అక్కడికే. మీ ఇళ్లలోనూ ఇఫ్తార్ వేళ ఖర్జూరాలు తలా మూడేసి పంచే పని పిల్లలకు అప్పగించండి.

అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించి, మీ సంపాదనలో బరకత్ ప్రసాదించుగాక. ఆమీన్.