మీకు తెలుసా? నల్ల కారు మీది గుండ్రటి గీతలు అసలు గుండ్రంగానే ఉండవు!

చక్రాలున్నాయి... కానీ లేవు!
కోల్‌కతా పార్క్ స్ట్రీట్‌లో ఎండలో ఆగి ఉన్న ఓ నల్ల కారు దగ్గరికి వెళ్లండి. బానెట్ మీద సూర్యుడి మెరుపు చూడండి. దాని చుట్టూ సన్నటి వలయాలు! ఇప్పుడు 2 అడుగులు పక్కకి జరగండి. అరే! వలయాలూ మీతోపాటే జరిగాయి! ఎందుకంటే అక్కడ ఒక్క వలయమూ లేదు! ఉన్నవన్నీ చిన్నచిన్న గీతలే. అన్ని దిక్కులకీ ఉంటాయి. వెలుగుకి అడ్డంగా పడ్డవి మాత్రమే మెరుస్తాయి. ఆ మెరుపులన్నీ కలిసి మన కంటికి చక్రాలవుతాయి! కార్లవాళ్లు స్విర్ల్ మార్క్స్ అనేది వీటినే!

నలుపుకే ఎందుకీ కష్టం?
తెల్ల కారు మీదా ఇవే గీతలుంటాయి తెలుసా! కాకపోతే కనబడవు! నిగనిగలాడే నల్ల పెయింట్ మీద వెలుగు నిటారుగా పడితే, నూటికి దాదాపు 4 వంతులే పైనుంచి తిరిగొస్తాయి. మిగతా వెలుగంతా ఆ నలుపు మింగేస్తుంది! అంత చీకట్లో చిన్న గీత మెరిసినా పట్టుబడిపోతుంది. తెలుపులో అయితే ఆ మెరుపు వెలుగులో కలిసిపోతుంది!

గీత పడింది నలుపు మీద కాదు!
ఇది వినండి! మీ కారు నల్లరంగుకి ఏమీ కాలేదు! దాని మీద క్లియర్ కోట్ అని రంగులేని పొర ఒకటి ఉంటుంది. గీతలన్నీ అందులోనే! ఆ పొర మందం ఎంతనుకున్నారు? చాలా కార్లలో సుమారు 40 మైక్రాన్లు! మీ తలవెంట్రుకే అంతకంటే లావుగా ఉంటుంది! మీ కారు మెరుపంతా ఆ కాస్త పొరలోనే ఉంది!

ఇనుముకంటే గట్టిది ఇసుక!
గీతలు గీసేది ఎవరు? గుడ్డ కాదు! గుడ్డకీ కారుకీ మధ్య ఇరుక్కున్న దుమ్ము! రోడ్డు దుమ్ములో ఇసుక ఉంటుంది. ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ స్కేలుపై ఇసుకలోని క్వార్ట్జ్ స్థానం 7! ఇనప మేకు దానికంటే మెత్తన! పొద్దున్నే పొడిగుడ్డతో కారు తుడుస్తున్నామనుకుంటాం. నిజానికి ఇసుకతో రుద్దుతున్నాం!

గంగనీళ్ల కుళాయిలు!
కోల్‌కతాలో రోడ్లు కడగడానికి వేరే పైపులే ఉన్నాయి తెలుసా! వాటిలో వచ్చేది శుద్ధి చేయని హుగ్లీ నీళ్లు. ఇప్పుడు మల్లిక్ ఘాట్ నుంచి తోడుతున్నారు. రోడ్లు తడపడానికి ఈ నగరం ఆవిరి యంత్రంతో నది నీళ్లు తోడటం ఎప్పుడు మొదలెట్టిందో తెలుసా? 1820లో, చాంద్‌పాల్ ఘాట్‌లో! నేటికీ పసుపు ట్యాక్సీ దాదాలు ఆ వీధి కుళాయిల దగ్గరే బళ్లు కడుగుతుంటారు. ఆ నీళ్లలో సన్నటి ఒండ్రు ఉంటుంది. నల్ల కారుకి ఆ స్నానం వద్దే వద్దు!

తేదీ మారని పండగ!
మనం దసరాకి బండికి పూజ చేస్తాం. కోల్‌కతాలో విశ్వకర్మ పూజకే చేసేస్తారు! మన దసరాలా దీని తేదీ మారిపోదు. దాదాపు ప్రతి ఏడూ సెప్టెంబరు 17నే! బానెట్ మీద సిందూరం, బంతిపూలు, గంధం! చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. కానీ మర్నాడు ఆ పొడిని పొడిగుడ్డతో తుడవకండి! ధారగా నీళ్లు పోయండి. పొడి దానంతటదే జారిపోతుంది!

వాన కడిగేస్తుందా?
కోల్‌కతాలో ఏడాదికి పడే వాన దాదాపు 1800 మిల్లీమీటర్లు! ఇంత వానకి కారు శుభ్రపడిపోవాలి కదా? పడదు! వాన ఆగుతుంది. చినుకులు ఆరుతాయి. నీరు పోయి దుమ్ము మిగులుతుంది! వాన వెలిసిందని వెంటనే గుడ్డ పట్టుకుంటే కొత్త గీతలు గ్యారంటీ!

పాలిష్ పూడ్చదు... చెక్కుతుంది!
చాలామందికి తెలియని రహస్యం ఇదే! మిషన్ పాలిష్ గీతల్ని నింపదు. గీత చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ని గీత అడుగుదాకా అరగదీస్తుంది! పై అంచు కిందికి వచ్చేస్తే ఇక గీతే ఉండదు! జాగ్రత్తగా చేసిన తేలికపాటి పాలిష్‌కి పోయేది 2 మైక్రాన్ల లోపే. అన్నిచోట్లా అంత సమంగా చెక్కడం చేతికి సాధ్యమా? అందుకే మిషన్!

రెండు నాట్యాలు చేసే మిషన్!
డ్యూయల్ యాక్షన్ పాలిషర్‌ని చూశారా? ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతుంది. అదే సమయంలో పక్కకీ ఊగుతూ చిన్న చక్రం చుడుతుంది! ఇటలీ కంపెనీ రూపెస్ మిషన్లలో ఆ ఊపు 21 మిల్లీమీటర్ల దాకా ఉంది! అదే చోట అదే దిక్కులో రెండుసార్లు రుద్దుకోదు. అందుకే వేడి తక్కువ. కొత్త గీతల భయమూ తక్కువ!

గీతలు తీస్తూ గీతలు పెట్టే మిషన్!
రోటరీ పాలిషర్ ఒకే నాట్యం చేస్తుంది. గిర్రున తిరగడమే! నిమిషానికి 1500 చుట్లు దానికి మామూలే! లోతు గీతల్ని చకచకా తీసేస్తుంది. కానీ చెయ్యి తిరగని మనిషి పట్టుకుంటే నల్ల బానెట్ మీద హోలోగ్రాములు మొలుస్తాయి! షెడ్డు నీడలో కనబడవు. ఎండలోకి తెచ్చారో, అలలు అలలుగా మెరుస్తాయి! అందుకే డెలివరీ తీసుకునేటప్పుడు కారుని ఎండలోకి తెమ్మనండి!

పాలిష్‌లో నవరత్నాలు!
పాలిష్ క్రీములో రుద్దే పొడి ఏమిటో తెలుసా? చాలావాటిలో అల్యూమినియం ఆక్సైడ్! కెంపూ నీలమూ కూడా అదే పదార్థం! గట్టిదనం స్కేలుపై 9! దానికి పైన ఉన్నది వజ్రం ఒక్కటే! మీ కారుకి రాసేది రంగులేని కెంపుల పొడే అన్నమాట!

పని చేస్తూ మాయమయ్యే పొడి!
కొన్ని పాలిష్‌లలో పొడి రుద్దేకొద్దీ విరిగిపోతుంది! మొదట ముతకగా కోస్తుంది. చివర్లో సన్నబడి మెరుపు తెస్తుంది! ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా. ఇలా 4 సార్లయినా తిరిగితేనే దాని పని పూర్తవుతుంది. సగంలో ఆపేస్తే ముతక పొడి మిగిలి మసక వస్తుంది!

నత్తనడకే గొప్ప!
మిషన్‌ని బానెట్ మీద ఎంత వేగంగా జరపాలి? సెకనుకి 1 అంగుళం! అంతే! చూసేవాళ్లకి విసుగొస్తుంది. కానీ చకచకా జరిపితే ప్యాడ్ పైపైన తిరుగుతుంది, గీత కదలదు! నెమ్మదిగా నడిపే మనిషి చేతిలోనే కారు పెట్టండి!

ఒక్క గీత చెప్పే నిజం!
అనుభవజ్ఞులు మిషన్ ప్యాడ్ వెనుక ప్లేటు మీద మార్కర్‌తో 1 గీత గీస్తారు! ఎందుకో ఊహించండి! డ్యూయల్ యాక్షన్ మిషన్ మీద ఎక్కువ బరువు వేస్తే ప్యాడ్ తిరగడం ఆగిపోతుంది. చప్పుడు మాత్రం వస్తూనే ఉంటుంది! తిరుగుతోందో లేదో ఆ గీతే చెబుతుంది. పైసా ఖర్చు లేని మీటరు!

2 అడుగుల్లో కారంతా!
మంచి పనివాడు కారు మొత్తం మీద ఒకేసారి పడడు! బానెట్ మీద 2 అడుగుల చదరం ఎంచుకుంటాడు. మెత్తటి ప్యాడ్, తేలిక పాలిష్‌తో మొదలెడతాడు. గీత పోకపోతేనే ముతకదానికి వెళ్తాడు. ఆ చదరంలో ఏది పనిచేసిందో అదే కారంతటికీ! నల్ల పెయింట్లన్నీ ఒకేలా ఉండవు మరి. కొన్ని కంపెనీలవి మెత్తన, కొన్ని రాయిలా గట్టి!

అబద్ధపు మెరుపు!
పాలిష్ అవగానే కారు అద్దంలా ఉందా? తొందరపడి నమ్మకండి! పాలిష్‌లోని నూనెలు మిగిలిపోయిన గీతల్లోకి దిగి వాటిని దాచేస్తాయి! 2 సార్లు కడిగేసరికి ఆ గీతలన్నీ మళ్లీ హాజరు! అందుకే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్లతో తుడిపించి చూడండి. అప్పుడు కనబడేదే అసలు మెరుపు!

మీ గోరే మీటరు!
గీత మీద గోరు మెల్లగా జరపండి. తగలకుండా జారిపోయిందా? పాలిష్‌కి పోతుంది! టక్కున ఆగిందా? ఆ ఒక్క గీతనీ వదిలేయండి! అది చాలా లోతు. దాన్ని తీయబోతే క్లియర్ కోటే అరిగిపోతుంది. నూటికి నూరూ తీయాలన్న పంతం ప్రమాదం! 90 పోతే చాలు, కారు కొత్తదే!

లోహం ఎంత దూరమో చెప్పే పరికరం!
పెయింట్ మందాన్ని చెక్కకుండానే కొలవచ్చు తెలుసా! అరచేతిలో పట్టే గేజ్‌ని డోరుకి ఆనిస్తే చాలు. కింద ఉన్న లోహం ఎంత దూరంలో ఉందో పసిగడుతుంది. మైక్రాన్లలో అంకె చూపిస్తుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో 1000వ వంతు! సెకండ్‌హ్యాండ్ నల్ల కారుకి పాలిష్ చేయించే ముందు ఇది పెట్టించండి. అంతకుముందు ఎవరు ఎంత అరగదీశారో ఎవరికి తెలుసు!

అంచుల దగ్గర ఆగండి!
బానెట్ అంచు, డోరు అంచు, మడత గీతలు... అక్కడ పెయింట్ అన్నిచోట్లకంటే పల్చగా ఉంటుంది! మిషన్ ఒక్క క్షణం నిలిచినా రంగు బయటపడొచ్చు. మందు ఏమిటో తెలుసా? 18 మిల్లీమీటర్ల మాస్కింగ్ టేపు! పని మొదలెట్టకముందే అంచులన్నిటికీ అతికిస్తారు. చవకైన టేపు ఖరీదైన పెయింట్‌ని కాపాడేస్తుంది!

ప్యాడ్ నల్లబడితే!
మామూలుగా నల్ల కారుని పాలిష్ చేస్తే ప్యాడ్‌కి నలుపు అంటదు! అరిగేది రంగులేని క్లియర్ కోటే కదా! కానీ చాలా పాత కార్లలో క్లియర్ కోటే ఉండదు. వాటిని రుద్దితే ప్యాడ్ కాటుక పట్టినట్టు నల్లబడుతుంది! అక్కడ అరిగేది అసలు రంగే! కోల్‌కతాలో 1968 నుంచి స్టేట్స్‌మన్ పత్రిక వింటేజ్ కార్ల ర్యాలీ జరుగుతోంది. అలాంటి పాతకాలపు కార్లకి అసలు రంగే ఉంటే, వాటి మెరుపు వెనుక ఎంత ఓర్పు ఉండాలో ఊహించుకోండి!

పొరుగూరి అంబాసిడర్!
కోల్‌కతా పక్కనే హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారయ్యేది. 2014లో ఆగిపోయింది! అంటే ఇప్పుడు మిగిలిన ప్రతి అంబాసిడరూ పాతదే! దాన్ని పాలిష్ చేసేవాళ్లు ముందు ఓ మూల మెత్తగా రుద్ది ప్యాడ్ రంగు చూడాలి. నలుపు అంటితే చెయ్యి ఇంకా తేలిక చేయాలి. అరిగిన రంగు మళ్లీ రాదు!

ఎండలో పాలిష్ వద్దు!
అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒకే రకం కార్లు రెండు ఎండలో పెట్టారు. ఒకటి నలుపు, ఒకటి వెండిరంగు. నల్లదాని లోపలి గాలి 5, 6 డిగ్రీలు ఎక్కువ వేడెక్కింది! లోపలే ఇలా ఉంటే బానెట్ సంగతి చెప్పాలా? వేడి రేకు మీద పాలిష్ క్షణాల్లో ఎండి అట్టకడుతుంది. అందుకే నీడ, చల్లటి బానెట్. అప్పుడే మిషన్!

9హెచ్ అంటే పెన్సిల్!
సెరామిక్ కోటింగ్ అమ్మేవాళ్లు 9హెచ్ గట్టిదనం అంటారు కదా. వజ్రానికి దగ్గర అనుకుంటున్నారా? కానే కాదు! అది పెన్సిల్ ములుకుల కొలత! 9హెచ్ పెన్సిల్‌తో గీస్తే గీత పడలేదని అర్థం, అంతే! ఇసుక దాన్నీ గీసేస్తుంది. కోటింగ్ వేయించండి, మంచిదే! నీళ్లు జారిపోతాయి, మురికి తొందరగా అంటదు. కానీ పొడిగుడ్డకి అది లైసెన్సు కాదు!

తనకు తానే మానే పెయింట్!
గీతలు వాటంతటవే పూడుకుంటే ఎంత బాగుండు? ఆ పెయింట్ వచ్చేసింది! నిస్సాన్ 2005లోనే సాగే గుణమున్న క్లియర్ కోట్ ప్రకటించింది. సన్నగీత పడితే మెల్లగా తన పాత రూపానికి వచ్చేస్తుంది! వేడి ఉంటే ఇంకా తొందరగా! లోతు గాటు మాత్రం మానదు సుమా!

తొమ్మిది కిలోమీటర్లు, ఒక్క గ్రాము!
మైక్రోఫైబర్ టవల్ ఎందుకంత మెత్తన? దాని పోగులు ఎంత సన్నమంటే, 9000 మీటర్ల పోగు తూస్తే ఒక గ్రాము కూడా ఉండదు! దుమ్ముని లోపలికి లాగేసుకుంటుంది, కారు మీద ఈడ్వదు. కానీ ఒక్కసారి నేల మీద పడిందా? ఇక నల్ల కారు దగ్గరికి తేకండి! ఇసుక అందులోనే దాక్కుంటుంది!

రెండో బకెట్ మహిమ!
అన్నిటికంటే చవకైన పాలిష్ ఏదో చెప్పనా? 2 బకెట్లు! ఒకదాంట్లో షాంపూ నీళ్లు, రెండోదాంట్లో మంచినీళ్లు. తుడిచిన ప్రతిసారీ గుడ్డని ముందు మంచినీళ్లలో జాడించండి, తర్వాతే షాంపూలో ముంచండి. ఇసుకంతా రెండో బకెట్ అడుగున పేరుకుంటుంది చూడండి! ఆ ఇసుకంతా మీ బానెట్ మీద తిరగాల్సింది! క్లియర్ కోట్ మళ్లీ పెరగదు కాబట్టి పాలిష్ ఎన్నిసార్లయినా చేయించుకునేది కాదు. రేపు పొద్దున డ్రైవర్ పొడిగుడ్డ తీస్తే చెయ్యి పట్టుకుని ఆపండి. ముందు నీళ్లు... ఆ తర్వాతే గుడ్డ!